డిసెంబరులో మార్తకూ పది నిమిషాలు



నవంబరు ఆఖరి వారం వచ్చిందంటే హైదర్‌గూడలో మన డాబాల మీద, బాల్కనీలలో నక్షత్రాలు వెలుగుతాయి. ఆ వెలుగు చూడగానే పిల్లలకు సంతోషం. ఫిజియోథెరపీ గదిలో పనిచేసే మాకు మాత్రం ఇంకొక సంగతి కూడా గుర్తుకు వస్తుంది. ఇంకో నాలుగు వారాల్లో మన తల్లులు, అక్కలు నడుము పట్టుకుని ఒక్కొక్కరే మా దగ్గరికి వస్తారు. కొందరు మెడ తిరగడం లేదంటారు, కొందరు రాత్రిళ్ళు నిద్ర లేదంటారు. కారణం లేకుండా ఏడుపు వస్తోందని చెప్పడానికి సిగ్గుపడి తలనొప్పి అని చెప్పేవారూ ఉంటారు. వీరిలో ఎక్కువమంది వచ్చేది 26వ తేదీన. "పండుగ అయ్యాక చూపించుకుందాం అనుకున్నాను సిస్టర్" అన్న మాట వినని డిసెంబరు మాకు లేదు.

ఒక్కసారి మన డిసెంబరును లెక్క వేసి చూడండి. నెల మొదలవగానే ఇంటికి సున్నం, కర్టెన్లు ఉతకడం. బట్టల కోసం ఆబిడ్స్, సుల్తాన్ బజార్. టైలర్ దగ్గరికి మూడుసార్లు. ప్రతి ఆదివారం ఏదో ఒక చోట సెమీ క్రిస్మస్, మధ్యలో పిల్లల స్కూల్లో ఒకటి, ఆఫీసులో ఒకటి. కేరల్స్ బృందం రాత్రి తొమ్మిదింటికి వస్తామని చెప్పి పదకొండున్నరకు వస్తుంది. ఇరవై మందికి టీ, కేకు సిద్ధం చేసుకుని, తలుపు దగ్గర నవ్వుతూ నిలబడాలి. అరిసెలు, కజ్జికాయలు, గులాబి పూలు, జంతికలు. ఊరి నుండి బంధువులు దిగుతారు. వచ్చినవారిని మెదక్ చర్చికి తీసుకెళ్ళాలి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ ఆలయాన్ని క్రిస్మస్ రోజుల్లో చూడకుండా వెళితే వారికి తోచదు. సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణం, ఆపైన గంటల తరబడి క్యూలో నిలబడటం. 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం ఆరాధన, మధ్యాహ్నం బిర్యానీ, 31 రాత్రి మళ్ళీ వాచ్ నైట్. ఈ పనుల్లో తొంభై శాతం ఇంట్లో ఒకే మనిషి భుజాల మీద ఉంటుందని చెప్పడానికి సర్వే ఏమీ అక్కరలేదు.

ఇదే నెలలో ఏదో ఒక ఆదివారం మార్త, మరియల మీద ప్రసంగం కూడా వింటాం. పనుల్లో పడి కంగారు పడిన మార్తకు చీవాట్లు, పాదాల దగ్గర కూర్చున్న మరియకు మెప్పు. సందేశం సరైనదే, దానిని కాదనడానికి మేమెవరం? కాని ఆ ప్రసంగం విన్న అమ్మ ఇంటికి రాగానే ఎదురయ్యే ప్రశ్న, "అన్నం ఎప్పుడు పెడతావు?" అనేదే కదా. మార్త కూర్చోవాలంటే కనీసం పది నిమిషాలు ఆమెను ఎవరైనా వదిలిపెట్టాలి. ఈ వ్యాసం ఆ పది నిమిషాల గురించి.

ఆ సమయంలో ఏం చేయాలంటే మేము చెప్పేది పిలాటిస్. ఈ పేరు మొదటిసారి విన్న మా సంఘ పెద్ద ఒకాయన, "పొంతి పిలాతుకూ దీనికీ ఏమన్నా సంబంధం ఉందామ్మా?" అని చాలా గంభీరంగా అడిగారు. ఏమీ లేదు. ఇది జోసెఫ్ పిలాటిస్ అనే జర్మన్ దేశస్థుని ఇంటిపేరు. ఆయన 1883లో పుట్టారు. చిన్నతనమంతా ఆస్తమా, రికెట్స్ వంటి జబ్బులతో బలహీనంగా గడిపి, వ్యాయామంతో తన శరీరాన్ని తానే బాగుచేసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లండులో ఉన్నారు. శత్రుదేశస్థుడని అక్కడివారు ఆయనను నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ తోటి బందీల చేత వ్యాయామం చేయించేవారనీ, మంచాన పడినవారి కోసం పడకలకు స్ప్రింగులు బిగించారనీ చెబుతారు. తరువాత 1920లలో న్యూయార్క్ చేరి, భార్య క్లారాతో కలిసి స్టూడియో నడిపారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ, అంటే శరీరాన్ని మనసు అదుపులో ఉంచుకునే విద్య. 1967లో ఆయన చనిపోయాక జనం దానిని ఆయన పేరుతోనే పిలవసాగారు. ఆ పేరు ఒకరి సొంతం కాదని 2000 సంవత్సరంలో అమెరికా కోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటి నుండి ఎవరైనా ఆ బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి బోర్డు ఉన్న ప్రతి చోటా సరిగ్గా నేర్చినవారే ఉంటారని అనుకోవద్దు.

బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ వైపు పెద్ద యంత్రాలతో స్టూడియోలు ఉన్నాయి. స్తోమత ఉన్నవారు వెళితే మంచిదే. కాని జోసెఫ్ పిలాటిస్ 1945లో రాసిన పుస్తకంలోని 34 వ్యాయామాలూ నేల మీద చేసేవే. నారాయణగూడలో, అశోక్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో, మంచానికీ బీరువాకూ మధ్య ఒక దుప్పటి పరుచుకునేంత చోటు ఉంటే చాలు.

మా పొరపాటు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం క్రిస్మస్ ముందు ఒక టీచరమ్మ మా దగ్గరికి వచ్చారు. వయసు యాభై దాటింది, బీపీ ఉంది. పాకం గిన్నె దించబోతుంటే నడుము పట్టేసింది. మేము శ్రద్ధగా పన్నెండు వ్యాయామాలు, బొమ్మలతో సహా, ఒక కాగితం మీద రాసిచ్చాం. జనవరిలో మళ్ళీ వచ్చారు, నొప్పి అలాగే ఉంది. కాగితం ఏం చేశారని అడిగితే, "ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టాను మేడం, రోజూ చూసేదాన్ని" అన్నారు. ఒక్కటి కూడా చేయలేదు. ఆమె తప్పు ఏమీ లేదు. పనులతో ఊపిరాడని మనిషికి మేము ఇంకో పన్నెండు పనులు అప్పజెప్పాం. ఆ తరువాత మేము మూడింటికి మించి రాసివ్వడం మానేశాం. ఆ మూడు ఇవి.

మొదటిది ఊపిరి. మిగతా రెండూ చేయకపోయినా ఇది మానవద్దని మా మనవి. కంగారులో ఉన్నప్పుడు మనం ఛాతీ పైభాగంతోనే చిన్న చిన్నగా ఊపిరి తీస్తాం. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కుతాయి. డయాఫ్రం అనే పెద్ద కండరం చేయవలసిన పనిని మెడ కండరాలు చేయవలసి వస్తుంది. సాయంత్రానికి మెడ బిగుసుకుపోవడానికి అది ఒక కారణం. ఇంకొకటి గమనించండి. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, బయటికి వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఇది వేగస్ అనే నాడి ద్వారా జరిగే పని. అందుచేత వదిలే ఊపిరిని పొడిగిస్తే గుండెకు, మెదడుకు "ప్రమాదమేమీ లేదు, నెమ్మదించు" అని కబురు పంపినట్టే. కోపంలో ఉన్నవారిని "నెమ్మదించు" అని నోటితో అంటే ఇంకా కోపం వస్తుంది. ఊపిరి ద్వారా చెబితే శరీరం వింటుంది.

వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. తల కింద పలుచటి దిండు ఉండవచ్చు. రెండు అరచేతులను కింది పక్కటెముకల మీద ఉంచండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి తీసుకోండి. పొట్ట పైకి ఉబ్బడం కన్నా పక్కటెముకలు రెండు పక్కలకూ గొడుగులా తెరుచుకోవడం మీ చేతులకు తెలియాలి. తరువాత పెదవులు కొద్దిగా తెరిచి, వేడి టీ మీద ఊదినట్టు ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడు బొడ్డును మెల్లగా వెన్ను వైపు లాగండి, బలవంతం వద్దు. పన్నెండుసార్లు చేస్తే రెండు నిమిషాలు. లెక్క, పక్కటెముకలు, బొడ్డు, ఈ మూడింటినీ చూసుకుంటూ ఉంటే వచ్చే వారం ఎవరెవరికి బట్టలు పెట్టాలో ఆలోచించడానికి మనసులో చోటు మిగలదు. పిలాటిస్‌లో ప్రశాంతత అనేది చాలావరకు ఇలాగే వస్తుంది.

రెండవది వంతెన. అదే పడకలో, ఊపిరి వదులుతూ ముందుగా తుంటిని కొద్దిగా తిప్పి, నడుము నేలకు ఆనేలా చేయండి. ఆ తరువాత వెన్నును ఒక్కొక్క పూసా నేల నుండి లేచినట్టుగా, పిరుదులను పైకి ఎత్తండి. పైన ఒక ఊపిరి తీసుకోండి. వదులుతూ మళ్ళీ పై నుండి ఒక్కొక్క పూసా దించండి. దించడం ఎత్తడం కన్నా నెమ్మదిగా జరగాలి. ఆరుసార్లు చాలు. రోజంతా స్టవ్ ముందు నిలబడిన నడుముకు, నిద్రపోతున్న పిరుదు కండరాలకు ఇది బాగా పనిచేస్తుంది.

మూడవది పిల్లి సాగినట్టు సాగడం. మోకాళ్ళు, అరచేతుల మీద ఉండి, ఊపిరి వదులుతూ వీపును పైకి గుండ్రంగా చేసి, తీసుకుంటూ సమంగా తేవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు నేల మీదికి దిగవద్దు. వంటింటి గట్టు మీద రెండు చేతులు పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి, నిలబడే చేయవచ్చు. కుక్కర్ మూడో విజిల్ వచ్చేలోపు అయిపోతుంది.

మూడూ కలిపి పది నిమిషాలు పట్టవు. చీరలో కుదరదు, వదులైన చుడీదార్ వేసుకోండి. భోజనమై రెండు గంటలు గడిచి ఉండాలి. ఉదయం ఇల్లు లేవకముందు, లేదా రాత్రి పడుకునే ముందు, మీకు ఏది వీలైతే అది.

కొందరికి కొన్ని జాగ్రత్తలు తప్పవు. బీపీ ఉన్నవారు ఏ కదలికలోనూ ఊపిరి బిగబట్టకూడదు. ఎముకలు గుల్లబారినవారు వీపును గుండ్రంగా వంచే మూడవ వ్యాయామం మానాలి. గర్భిణీలు మూడు నెలలు దాటాక వెల్లకిలా పడుకుని చేయకుండా, డాక్టరమ్మను అడిగి వేరే భంగిమలు నేర్చుకోవాలి. సిజేరియన్ అయినవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు, గ్లాకోమా ఉన్నవారు ముందు అడగండి. చేస్తుండగా నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరెక్కినా ఆపి మా దగ్గరికి రండి, 26 వరకు ఆగవద్దు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే అది వ్యాయామం చేసి చూసే సమయం కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పండుగ సందడిలో బీపీ, షుగరు మాత్రలు మరిచిపోయే ఇళ్ళు చాలా ఉన్నాయి. పిలాటిస్ మాత్రకు బదులు కాదు.

ఇక మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్నలు. "పొద్దున లేచింది మొదలు వంగుతూ లేస్తూనే ఉన్నాం, మళ్ళీ వ్యాయామం దేనికి?" అంటారు. ఇంటిపని బరువైనదే, మేము కాదనం. కాని అది ఒకే పక్క, ఒకే వంపులో, తొందరలో జరిగే పని. ఎప్పుడూ కుడి చేత్తోనే కలుపుతాం, ముందుకే వంగుతాం. ఒక్కసారైనా వెనక్కి సాగం. పనిలో అలసిన కండరం వేరు, సాధనతో బలపడిన కండరం వేరు.

"ఇది యోగా కాదు కదా?" అని మెల్లగా అడిగే కుటుంబాలు కూడా మన మధ్య ఉన్నాయి. దాచకుండా చెబుతాం. కొన్ని భంగిమలు యోగాసనాలను పోలి ఉంటాయి. మనిషి వెన్ను వంగే తీరు ఎక్కడైనా ఒకటే కదా. పిలాటిస్‌లో మంత్రాలు గాని, ఆరాధన గాని లేవు. కాబట్టి ఆ సందేహంతో ఏ వ్యాయామమూ చేయకుండా ఉండిపోయినవారు నిశ్చింతగా దీనిని చేయవచ్చు. అలాగే యోగా చేసుకునే పొరుగింటివారిని తక్కువగా చూడవద్దని కూడా మా మాట. ఇందిరా పార్కులో రోజూ నడిచేవారు నడక మానవద్దు. పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులైనా కండరాలు బలపడే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన పది నిమిషాలు దానికి తోడు మాత్రమే.

మరి పిలాటిస్ అన్నింటికన్నా గొప్పదా? అలా చెప్పడం లేదు. నడుము నొప్పి మీద జరిగిన 10 పరిశోధనలను, 510 మంది రోగుల వివరాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2015లో వచ్చింది. ఏమీ చేయకుండా ఉండటం కన్నా, నామమాత్రపు చికిత్స కన్నా పిలాటిస్ మేలని, మిగతా వ్యాయామాల కన్నా గొప్పదనడానికి తగిన ఆధారం లేదని అందులో తేలింది. ఆందోళన, దిగులు తగ్గుతాయని 2018లో వచ్చిన మరొక సమీక్ష చెప్పింది గాని, అందులోని పరిశోధనలు చిన్నవి. అయినా డిసెంబరుకు మేము దీనినే ఎందుకు ఎంచుకున్నామంటే, రాత్రి పదకొండింటికి కేరల్స్ వెళ్ళిపోయాక ఏ పార్కూ తెరిచి ఉండదు. దుప్పటి పరుచుకోవడానికి గది ఉంటుంది.

పది నిమిషాల వ్యాయామం తీర్చలేని బాధలు కూడా డిసెంబరులో ఉంటాయి. నిరుడు భర్త పక్కన కూర్చున్న బల్ల మీద ఈసారి ఒంటరిగా కూర్చునే అమ్మలు మన సంఘాల్లో ఉన్నారు. బిడ్డ అమెరికాలో ఉండి, వీడియో కాల్‌లో కేకు కోసే తల్లిదండ్రులు ఉన్నారు. ఈసారి చీటీ డబ్బు అందక, పిల్లలకు కొత్త బట్టలు ఎలాగా అని నిద్రపోని నాన్నలు ఉన్నారు. అశోక్ నగర్ హాస్టళ్ళలో పోటీ పరీక్షలకు చదువుతూ పండుగకు ఇంటికి వెళ్ళని బిడ్డలు ఎందరో. ఇలాంటివారితో "ఊపిరి పీల్చుకో, తగ్గుతుంది" అనడం దయ లేని మాట. వారి పక్కన కూర్చోవాలి, అవసరమైతే డాక్టరు దగ్గరికి వెంట వెళ్ళాలి. ఎవరితోనూ చెప్పుకోలేని స్థితి ఉంటే టెలి మానస్ వారి 14416 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ సేవను ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించింది.

ఇప్పుడు ఇంట్లోని మగవారితో, యవ్వనస్తులతో ఒక మాట. అమ్మకు ఇది చూపించి, "చేయమ్మా, మంచిదట" అని చెప్పి టీవీ ముందు కూర్చుంటే మేము ఆ టీచరమ్మకు ఇచ్చిన కాగితమే మీరూ ఇచ్చినవారు అవుతారు. పది నిమిషాలు కావాలంటే ఆ పది నిమిషాలు స్టవ్ దగ్గర ఇంకొకరు నిలబడాలి. అరిసెల పిండి కలపడానికి కొడుకు చేతులకు బలం సరిపోతుంది. ఇంటి అల్లుడు టీ కప్పులు కడిగితే మర్యాద తగ్గదు. మా గదికి భార్యను తీసుకొచ్చి, బయట బెంచీ మీద కూర్చుని, "ఇంకా ఎంతసేపు, ఇంట్లో చుట్టాలున్నారు" అని తలుపు తట్టే అన్నలను చూసి చూసి ఈ మాట రాస్తున్నాం.

సంఘ కమిటీలకు కూడా ఒక మనవి. డిసెంబరులో మూడు, నాలుగు విందులు పెట్టుకునే సంఘాలు ఉన్నాయి. ప్రతి విందుకూ వంట, వడ్డన, గిన్నెలు కడగడం అదే స్త్రీల సమాజం మీద పడుతుంది. ఈసారి ఒక్క విందు తగ్గించి, ఆ సాయంత్రం చర్చి హాలులో కుర్చీలు పక్కకు జరిపి దుప్పట్లు పరవండి. కేకు, టీ ఆ రోజు పురుషులే చూసుకోవచ్చు. కొందరు పెద్దలకు ఇది వింతగా తోచవచ్చు. తెర కట్టి వేరుగా చేయించడం కష్టమేమీ కాదు. మాలో ఒకరు వచ్చి నేర్పుతారు, రుసుము ఏమీ లేదు.

మా గదిలో డిసెంబరు మొదటి మూడు శనివారాలు సాయంత్రం 4 గంటలకు ఈ మూడు వ్యాయామాలు చేయించి చూపిస్తాం. ఇంటి నుండి ఒక పాత దుప్పటి, పలుచటి దిండు తెచ్చుకోండి. మందుల చీటీ ఉంటే వెంట తెండి. ఫోను మాత్రం బయట అన్నయ్య చేతికి ఇచ్చి రండి.